రెండు సెంటీమీటర్లు

నవంబరులో కోట్కా రేవుకి
మూడున్నరకే చీకటి.
బడి కింద నేలమాళిగలో, మంగళవారం కుట్టు తరగతి.
తడి కోట్లు మేకులకు తగిలించి
పదకొండుమందిమి
ఒకరి నడుము ఒకరికి అప్పగించి నిలబడ్డాం.

"దుకాణంలో మీ నంబరెంతో మర్చిపోండి," అంది సైమి టీచరు.
"ఊపిరి బిగబట్టకండి.
మీ పొట్ట ఈ ఐదు నిమిషాలు దాక్కోగలదేమో,
గౌను వేసుకున్న రోజంతా దాక్కోలేదు."

నా నడుమెక్కడుందో నాకు తెలుసనుకున్నాను,
అరవై మూడేళ్లుగా.
రిబ్బను కట్టి పక్కకు వంగమంది.
మడత పడిన చోటికి రిబ్బను తానే జారి ఆగింది.
నేను బెల్టు పెట్టుకునే చోటికి బెత్తెడు పైన,
ఇన్నాళ్లూ అద్దె కట్టకుండా కాపురముంది
నా నడుము.

తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక,
అక్కణ్ణుంచి రిబ్బను దాకా వీపు పొడవు.
ఎదకు చుట్టిన టేపు కిందికి జారకుండా
ఒర్వొక్కి పట్టుకుంది.
వీపు మీద ఐదు మంచు వేళ్లు.
"ఎనభై ఎనిమిది."
సైమి తన టేపు తెచ్చి మళ్లీ చుట్టింది.
"తొంభై."
మధ్యలో నేనేమీ తినలేదు.

ఒర్వొక్కి చేతిలోది మా అమ్మ టేపు.
కాఫీ డబ్బాలో నత్తలా ముడుచుకుని ఉండేది,
కొసన రాగి తొడుగు, అంకెలు సగం అరిగి.
ఇనుప కొలబద్ద పక్కన పరిచి చూశాం.
అమ్మ వంద
కొలబద్ద వందను దాటి
రెండు సెంటీమీటర్లు నడిచి వెళ్లింది.

సాగిపోయింది.
ఎప్పట్నుంచో ఎవరు చెప్పగలరు,
రేవు వీధి ఆడవాళ్లందర్నీ చుట్టి చుట్టి,
లాగి లాగి.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు.
మా అమ్మ కుట్టినవన్నీ అతికినట్టే ఉండేవి,
కొంచెం ఎక్కువగానే.
లెంపి ఒక శీతాకాలమంతా వెన్న మానేసింది.
ఓడ పైలటు భార్య ట్యూనె బొత్తాం
విందులో ఎగిరి చేపల సూపులో పడింది.
ఇర్యా పెళ్లి పీఠం ముందు
మూర్ఛపోయింది.
ప్రేమ అనుకున్నాం.
"నా కొలత తప్పదు, నీ నోరే తప్పింది,"
అనేది అమ్మ, నోట్లో గుండుసూదులతో.

బల్ల మీద నమూనా కాగితం విప్పితే
రైల్వే జంక్షను.
ఎర్ర గీతలు, నల్ల గీతలు, చుక్కల గీతలు,
అన్ని సైజుల ఆడవాళ్లూ ఒకరి మీద ఒకరు పడుకున్నట్టు.
పట్టికలో నన్ను వెతుక్కున్నాను.
భుజాలు ముప్పై ఎనిమిది,
పిరుదులు నలభై నాలుగు,
ఎద మాత్రం రెండంకెల నడుమ, ఏ గడిలోనూ కూర్చోదు.
"పెద్దదే గీయి," అంది సైమి.
"వదులైతే బిగించుకోవచ్చు.
కత్తెర తిన్నది కక్కదు."
ఒక గీత మీంచి ఇంకో గీతకు
కోణం రాకుండా, వాగు మలుపు తిరిగినట్టు
పెన్సిలు నడిపించాను.

తరవాత ఒర్వొక్కి వంతు. డెబ్బై ఒకటి దాటాయి.
చేతులు ఎత్తి నిలబడి, మెల్లగా,
"నన్ను మాత్రం మీ అమ్మ టేపుతోనే కొలు," అంది.
"ఊపిరాడదు."
"గుడ్డ సైమి టేపుతో కత్తిరించు.
పుస్తకంలో మాత్రం ఇది రాయి."
రెండూ రాశాను.
ఒకటి పెన్సిలుతో.

కొత్త టేపు కొన్నాను, సాగని రకం.
లెంపికి ఫోను చేసి వెన్న సంగతి చెప్పాను,
అరగంట నవ్వింది, తరవాత ఒక్క క్షణం తిట్టింది.
ఇర్యాకు చెప్పలేదు.
ప్రతి పెళ్లిరోజుకీ వాళ్లాయన లేచి, గ్లాసు పట్టుకుని
ఆ మూర్ఛ కథే చెబుతాడు.